చప్పట్లు లేని సీటు

"లోపల నోరు మాత్రం తెరవకురా నాయనా. నీకు పుణ్యముంటుంది."

సినిమా హాలు మెట్ల మీద ఆగిపోయి మరీ అంది తల్లి. ఇంట్లో బయల్దేరినప్పటినుంచీ ఇది పదోసారి. కొడుకు తలూపాడు. ముప్పై ఏళ్లవాడి మెడకి పసివాడికి చుట్టినట్టు మఫ్లర్ చుట్టింది. ఎవరైనా పలకరిస్తే గొంతు బాగోలేదని తనే చెబుతానంది.

అసలు వాడు రానన్నాడు. లాక్కొచ్చింది తనే. వారం నుంచీ వీధిలో ఒకటే ప్రశ్న: "ఆ యుద్ధం సినిమా చూశారా?" చూడలేదంటే చాలు, ఎదుటివాళ్ల మొహం మారిపోతోంది. చూడనివాళ్లంతా అవతలి దేశం వాళ్లేనని ఎవరో మైకులో కూడా అన్నారట. ఒక్కసారి నలుగురి కంటా పడి వచ్చేస్తే పీడా పోతుందనుకుంది.

పైగా మొన్న మందుల షాపులో వీడు తలనొప్పి మాత్ర అడిగితే, చిల్లర లెక్కపెడుతున్న షాపతను చెయ్యి ఆపి తలెత్తి చూశాడు. ఆ రోజు నుంచీ మందులకి తనే వెళుతోంది.

చివరి సీట్లు దొరుకుతాయనుకుంటే సరిగ్గా వరుస నడిమధ్యన పడ్డారు. అటు పదకొండు జతల మోకాళ్లు, ఇటు పది. తలుపులు మూశారు. లైట్లు ఆరాయి.

సినిమా మొదలైందో లేదో, జనం లేచి నిలబడ్డారు! హీరో తుపాకీ ఎత్తితే ఈలలు. జెండా ఎత్తితే కేకలు. శత్రు సేనాపతి తెరమీదికి వచ్చి బెదిరింపు మొదలెట్టేసరికి చెప్పులు గాల్లోకి లేచాయి. ఒకటి ఆమె చెవి పక్కనుంచే పోయింది.

"వాణ్ని నా చేతికివ్వండ్రా!" ముందు వరుసలో ఒక గడ్డమాయన ఊగిపోతున్నాడు. "వాడి మాట వింటుంటే ఒళ్లు మండిపోతోంది!"

తల్లి కొడుకువైపు చూసింది. అందరూ అరుస్తుంటే వాడొక్కడూ, పరీక్ష పేపరు దిద్దే మేష్టారిలా, తెరనే చూస్తున్నాడు. పెదవులు సన్నగా కదులుతున్నాయి. తొడమీద గట్టిగా గిల్లింది. కదలిక ఆగింది.

ఇంటర్వెల్లో గడ్డమాయన వెనక్కి తిరిగాడు.

"ఏం బ్రదర్, హాలంతా లేస్తే నువ్వు లేవవేం? చప్పట్లు కూడా లేవు!"

"గొంతు బాగోలేదు బాబూ వాడికి," అంది తల్లి గబగబా.

"చప్పట్లు గొంతుతో కొడతారా పిన్నిగారూ?"

చుట్టుపక్కల వాళ్లు విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఏడుపు కన్నా అన్యాయంగా.

"ఏం చేస్తుంటాడు?"

"ఏదో... నాలుగ్గోడల మధ్య పని బాబూ. బయటి గాలి పడదు."

ఇంటికి పోదామని లేచింది. "సగంలోనే పోతారా? ఏం, గెలవడం ఇష్టం లేదా?" అన్నారు ఎవరో. కూర్చుంది. తర్వాతి గంటసేపూ కొడుకు చెయ్యి పట్టుకుని తనే చప్పట్లు కొట్టించింది.

సినిమా అయిపోయింది. తలుపు మాత్రం పూర్తిగా తెరుచుకోలేదు. గడ్డమాయనా, ఇంకో పదిమందీ అడ్డంగా నిలబడ్డారు. ఒకడి చేతిలో ఫోను. ఒక్కొక్కరే ఫోనులోకి చూసి "గెలుపు మనదే" అని గట్టిగా అరిచి వెళ్లాలట. జనం సంబరంగా అరిచి వెళ్లిపోతున్నారు.

తల్లి వంతు వచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చి రెండుసార్లు అరిచింది.

"మా ఇద్దరి వంతూ అయిపోయింది బాబూ. వెళ్లొస్తాం."

"అదేం కుదరదు. మీవాడి వంతు మీవాడే అనాలి."

"వాడు మూగవాడు బాబూ!"

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

"ఇందాక గొంతు బాగోలేదు. ఇప్పుడు మూగ. ఇంకో గంటాగితే బతికే లేడంటారా?" గడ్డమాయన ఈసారి నవ్వలేదు. "అవతలివాడికి పుట్టినట్టున్నాడు. చెప్పరా, ఎవడివిరా నువ్వు?"

మఫ్లర్ పట్టుకుని లాగాడు. తల్లి మధ్యలోకి వెళ్లింది. ఆమె భుజం పట్టుకుని గోడకి అదిమాడు. ఆమె కళ్లజోడు కింద పడింది. వెనక మిగిలిన జనం కూడా కదలడం మానేశారు. అందరి చూపూ కొడుకు నోటిమీదే.

వద్దు, వద్దని తల ఊపుతూనే ఉంది తల్లి. వాడి దవడలు బిగుసుకున్నాయి.

"మా అమ్మ మీంచి చెయ్యి తియ్యండి," అన్నాడు చివరికి కొడుకు, రెండున్నర గంటలుగా ఆ హాలంతా చెప్పులతో కొట్టిన శత్రు సేనాపతికి తను డబ్బింగ్ చెప్పిన ఆ గొంతుతోనే.