ఆయిల్ మీటరు ముల్లు

“ముందు ఇంజను ఆపప్పా! ముల్లు అడుక్కి పడిపోయినాక ఇంకా యాల ఆడిస్తాండావు? బేరింగులు కాలిపోతాయి!”

ఫోనులో మునెప్ప భార్య మునిలక్ష్మి అరుపుకు చెంగయ్య గబుక్కున ఇంజను ఆపాడు. ఇరవై ఏళ్ళ పాత ట్రాక్టరు. వెనక ట్రాలీ నిండా టమాటా క్రేట్లు. పదకొండుకల్లా మదనపల్లె మండీకి చేరకపోతే వేలంపాట అయిపోతుంది. రాత్రి వానకు తడిసిన కాయ రేపటిదాకా ఆగదు. మండీకని వేసుకున్న తెల్లచొక్కాతో ఎనిమిది నుంచి చేలోనే నిలబడి ఉన్నాడు.

“అది కాదమ్మా, మునెప్పన్నకియ్యి ఫోను. పుంగనూరంతా పేరుమోసిన మెకానిక్కు ఆయన. ఇంజను సంగతి నీకేం తెలస్తాది?”

“ఆయన నీళ్ళు పోసుకుంటాండాడు. నువ్వు సెప్పు, నేను అడిగి సెప్తా.”

చెంగయ్య స్పీకరు పెట్టి, ముందుచక్రం పక్కనున్న క్రేటు మీద ఫోను ఉంచాడు.

“ఆయిలు ఎంతుండాది?”

“నిండా ఉండాది. నిన్ననే ఆయిలూ ఫిల్టరూ మార్సినాము.”

“ఆయిల్లో డీజిలు వాసనొస్తాండాదా?”

చెంగయ్య ఒకసారి కిందికి చూశాడు. “లేదు.”

“ఉండు, అడుగుతా.” అవతల కుక్కరు కూత వేసింది. కూత ఆగకముందే ఆమె మళ్ళీ అందుకుంది. “మీటరే సెడిందేమో, వేరేది పెట్టి సూసినారా అంటాండాడు.”

“సూసినాము. అదీ ఇంతే.”

“టకటకా కొట్టుకుంటాండాదా?”

“లేదమ్మా, నున్నగా ఆడతాండాది. మొన్నటిదాకా ముల్లు కూడా బాగుండె.”

“అట్లయితే ఇంజను బాగుండాది. నిన్న సెయ్యి పెట్టినోడే ఏదో సేసినాడు. ఎవరప్పా ఆ సేతకానోడు?”

చెంగయ్య గొంతు సవరించుకున్నాడు. “ఎవురో ఒకరులేమ్మా. అన్న ఇంకా నీళ్ళు పోసుకుంటానే ఉండాడా?”

“తలకు ఆముదం పెట్టుకున్నాడు. అంత బిన్నె, గబగబా పోతాదా జిడ్డు? ఫిల్టరు గిన్నె దేంతో తుడిసినారు?”

చెంగయ్య మళ్ళీ కిందికి చూశాడు. “బనియను గుడ్డతో.”

అవతల గరిటె కింద పెట్టిన చప్పుడైంది.

“ఏ రంగుది?”

“నీలం సారలది. రంగుతో పనేముందమ్మా?”

“ఆయన అడగమన్నాడు.” ఆమె గొంతు మారింది. “ఆ గుడ్డ పోగు పోయి ప్రెషరు వాల్వులో ఇరుక్కోని ఉంటాది. వాల్వు మూసుకోకపోతే ఆయిలంతా ఎనక్కే పోతాది, ఇంక ప్రెషరు యాడ నిలస్తాది? ఫిల్టరు పక్కన పెద్ద బోల్టుంటాది, అది ఇప్పమను.”

స్పానరు చప్పుడైంది. బోల్టు, దాని వెనకే స్ప్రింగు, ఆ వెనక వేలెడంత వాల్వు బయటికొచ్చాయి. వాల్వు అంచుకు నీలం పోగొకటి వెంట్రుకలా చుట్టుకుని ఉంది. డీజిలుతో కడిగి మళ్ళీ బిగించడానికి పది నిమిషాలు పట్టింది. చెంగయ్య సీటెక్కి తాళం తిప్పాడు. ముల్లు వణికింది, తటపటాయించింది, లేచి పచ్చగీత మీద నిలబడింది.

“లేసిందమ్మా!” చెంగయ్య ఒక్క దూకున దిగి ఫోను అందుకున్నాడు. ఇంత జరిగినా తెల్లచొక్కాకు చుక్క మరక అంటలేదు. “అన్నకు నా దండాలని సెప్పు.”

“సెప్తాలే. నువ్వు మండీకి పో. పోయే ముందర ఆ సేతకానోడికి నా మాటొకటి సెప్పు.”

“ఏమనమ్మా?”

“సంగటి సల్లారిపోతాండాది, బిన్నె ఇంటికి రమ్మను.”

ఫోను కట్టయింది.

ట్రాక్టరు కిందనుంచి మునెప్ప మెల్లగా పాక్కుంటూ బయటికొచ్చాడు.