కోచ్ చెబితే వింటుంది

"నువ్వే చెప్పాలి తమ్ముడూ. నేను చెబితే అన్నం మానేసి కూర్చుంటుంది" అన్నాడు సుధాకరరావు.

"లేని లోపం ఎలా చెప్పమంటారండీ?" అన్నాడు చక్రధర్. చేతిలోని ప్లాస్టిక్ కోన్లను గడ్డి మీద పెట్టడం కూడా మరిచిపోయాడు.

సింగపూర్ సైన్స్ పార్కులో ఉద్యోగం చేసే చక్రధర్, శనివారం సాయంత్రాలు చోవా చూ కాంగ్ మైదానంలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. వచ్చే వారం ఒక పెద్ద అకాడమీ వాళ్ళ సెలక్షన్లున్నాయి. ఒక్కో జట్టు నుంచి ఒక్కరినే పంపాలి. ఈ జట్టు నుంచి ఆ ఒక్కరూ సుధాకరరావు కూతురు తన్మయేనని పిల్లలందరికీ తెలుసు.

"వచ్చే ఏడు దానికి ఆరో తరగతి పరీక్ష. ఆ మార్కుల్ని బట్టే ఏ స్కూల్లో సీటో తేలుతుంది. ఇది పుస్తకం పడితే కదా. సింగపూర్ ఆసియా కప్‌కి వెళ్తోందని తెలిసిన రోజు నుంచి గోడ నిండా ఆ ఫొటోలే. నిద్రలో కూడా దుప్పటిని తంతోంది."

"మంచిదేగా."

"ఏం మంచిది? వెళ్ళేది మగవాళ్ళ జట్టు. అదీ ఇన్నేళ్ళకి. ఇది వెళ్ళి ఏం పొడుస్తుంది?" సుధాకరరావు గొంతు తగ్గించాడు. "నేను మాన్పిస్తే నన్ను శత్రువులా చూస్తుంది. 'నీకంత రాదమ్మా' అని కోచ్ చెబితే వింటుంది. పరీక్ష అయ్యాక మళ్ళీ నీ దగ్గరికే పంపిస్తాను. నువ్వు చెప్పనంటే ఇప్పుడే బ్యాగు సర్దిస్తాను. ఆ తర్వాత సెలక్షనూ లేదు, శనివారాలూ లేవు."

ఏడుస్తూ శాశ్వతంగా వెళ్ళిపోవడం కంటే, మనసు సర్దుకుని ఒక ఏడాది ఆగడమే ఆ పిల్లకు నయమనిపించింది చక్రధర్‌కు. తన్మయిని పక్కకు పిలిచాడు.

పిలిచాక ఏం చెప్పాలో తోచలేదు. బంతి తన వైపు వస్తుండగానే తన్మయి మెడ తిప్పి, రెండు భుజాల మీదుగా వెనక్కి చూసుకుంటుంది. ఎవరెక్కడున్నారో ముందే కనిపెట్టి, బంతి కాలికి తగలగానే ఖాళీ ఉన్న చోటికి పంపేస్తుంది. పెద్దవాళ్ళకు కూడా ఏళ్ళ తరబడి నేర్పితే గాని రాని పని అది. ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. వేరే ఏమీ దొరక్క, చక్రధర్ నోటికి అదే వచ్చింది.

"నీకు ధ్యాస తక్కువ తన్మయీ. బంతి వస్తుంటే దిక్కులు చూస్తావు. అకాడమీకి నువ్వు సరిపోవు. సెలక్షన్‌కి దీక్షితను పంపిస్తున్నాను."

తన్మయి తన బూట్ల వైపు చూసుకుంది. "ఇంప్రూవ్ చేసుకుంటే, అంకుల్?"

"కష్టం."

"ఓకే" అంది. ఏడవలేదు. కంచె అవతల నిలబడిన సుధాకరరావు కోచ్‌ను చూసి మెల్లగా తల ఊపాడు.

ఆట మొదలైంది. మొదటి బంతి తన్మయికే వచ్చింది. ఆ పిల్ల తల దించుకుని బంతినే చూస్తూ నిలబడింది. వెనక నుంచి ఎవరో వచ్చి లాక్కుపోయారు. తర్వాతి బంతీ అంతే. ఆ తర్వాత ఒకసారి మెడ సగం తిరిగింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ నేల వైపు వంగిపోయింది.

"తన్మయీ, వెనకాల చూడు లా" అని దీక్షిత సింగపూర్ యాసలో అరిచింది.

"చూడకూడదంట" అంది తన్మయి.

చక్రధర్ ఈల నోట్లో పెట్టుకున్నాడు గాని ఊదలేకపోయాడు. పిల్లలకు ఒక చిన్న విద్య పట్టుబడాలంటే ఎన్ని శనివారాలు కావాలో అతనికి తెలుసు. పోగొట్టడానికి ఒక్క మాట చాలునని ఇప్పుడే తెలిసింది.

ఇంతలో పిడుగుల హెచ్చరిక సైరన్ మోగింది. పిల్లలంతా షెడ్డు కిందికి పరుగెత్తారు. "ఈ బెంచీ నేను చోప్ చేశాను, నా బాటిల్ చూడు" అని ఒకరు, "బాటిల్ పెడితే నీదైపోతుందా" అని ఇంకొకరు గొడవ పెట్టుకున్నారు. సుధాకరరావు కారు తేవడానికి వెళ్ళాడు. తన్మయి ఒక మూల కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. చక్రధర్ వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా గచ్చు మీదే కూర్చున్నాడు.

"తన్మయీ, ఇందాక నేను చెప్పింది అబద్ధం. నువ్వు వెనక్కి చూసుకోవడం తప్పు కాదు. నీ ఆటలో అన్నిటికంటే గొప్ప సంగతి అదే. సెలక్షన్‌కి వెళ్ళాల్సింది నువ్వే."

"ఇట్స్ ఓకే అంకుల్. నేను శాడ్‌గా ఉన్నానని అంటున్నారు."

"కాదమ్మా, నిజం. ఇంకెలా చెప్పను? మీ డాడీ అలా చెప్పమన్నారు, చెప్పాను. నాదే తప్పు."

తన్మయి మొదటిసారి నవ్వింది. "డాడీయా? డాడీ ఎందుకు చెప్పమంటారు? ప్రతిసారీ నన్ను ఊరుకోబెట్టేది డాడీయే. ఇప్పుడు కూడా కారెక్కగానే ఐస్‌క్రీమ్ కొనిపెడతారు, చూడండి."

"ప్రతిసారీ అంటే?"

తన్మయి బూట్లను సంచీలో పెట్టి జిప్పు లాగింది. ఇందాక అతను తనతో మాట్లాడినంత నెమ్మదిగానే, ఇప్పుడు తనే అతన్ని ఓదారుస్తున్నట్టు చెప్పింది.

"డాన్స్ మిస్ నాకు తాళం రాదన్నారు. స్విమ్మింగ్ సార్ నాకు ఊపిరి చాలదన్నారు. ఇప్పుడు మీరు. ముగ్గురు టీచర్లూ అబద్ధమే చెప్తారా, అంకుల్?"