పోస్ట్‌మ్యాన్ పరుగు

తెర మీద పోస్ట్‌మ్యాన్ మెట్ల మధ్యలోంచి నేలలోకి కూరుకుపోయాడు.

ఆ ఉదయం నుంచి అది పదకొండోసారి. ఫోన్లలో ఆడే ఆ ఆటకు కోడు రాసే అమ్మాయి తల పట్టుకుంది.

"పాపం, ఎక్కడికి పోయాడమ్మా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

తిరిగి చూస్తే జిరాక్స్ బాబాయ్. కింది అంతస్తులో జిరాక్స్ షాపు ఆయనది. నలభై అయిదేళ్ళుంటాయి. రెండు కాళ్ళూ చచ్చుబడి, చక్రాల కుర్చీలోనే తిరుగుతాడు. ఆఫీసుకు కావలసిన ప్రింట్లు ఒళ్ళో పెట్టుకుని, లిఫ్టులో తనే పైకి తెచ్చిస్తాడు.

మెట్టు గట్టిదని ఇంజిన్‌కు చెప్పడం మరిచిపోయాననీ, అందుకే మనిషి మునిగిపోయాడనీ ఆమె చెప్పింది.

"ఇంజిన్ అంటే? మోటారేనా?"

ఆమెకు నవ్వొచ్చింది. కాస్త పక్కకు జరిగి ఆయనకు తెర కనపడేలా చోటిచ్చింది.

"నాటకంలో తెర వెనక మనుషులుంటారు చూడండి, అలాంటిది బాబాయ్. గోడ ఇక్కడ, దీపం అక్కడ అని మేం చెప్తాం. నీడ ఎటు పడాలి, దూకినవాడు ఎంతసేపట్లో కింద పడాలి, దేనికి తగిలితే ఆగాలి, అదంతా అదే లెక్కేసుకుంటుంది. సెకనుకి అరవైసార్లు బొమ్మంతా కొత్తగా గీస్తుంది."

"మరి ఆ నడక? అదీ ఇంజినే పుట్టిస్తుందా?"

"లేదు. ఎవరో ఒకరు ఒంటినిండా గుర్తులు అంటించుకుని నడుస్తారు. కెమెరాలు పట్టుకుంటాయి. ఆ కదలికని ఇంజిన్ ఈ బొమ్మకి తొడుగుతుంది."

ఆ ఎవరో ఎవరని అడిగాడాయన. తాను చేరి ఎనిమిది నెలలే అయిందనీ, కంపెనీ చేతులు మారాక పాతవాళ్ళు ఒక్కరూ మిగల్లేదనీ ఆమె చెప్పింది. ఎవరో రోజు కూలికి వచ్చిన మనిషై ఉంటాడంది.

ఆయన తలూపి, ఒక్కసారి పరిగెత్తించి చూపించమన్నాడు.

ఆమె మెట్టు సరిచేసి బటన్ నొక్కింది. పోస్ట్‌మ్యాన్ సంచి భుజాన వేసుకుని కొండదారి ఎక్కాడు. కాలువ దూకాడు. అవతలి గట్టు మీద రెండడుగులు తూలి, నిలదొక్కుకున్నాడు.

ఆ రోజు నుంచి ప్రింట్లున్నా లేకపోయినా మధ్యాహ్నం పూట ఆయన పైకి రావడం అలవాటైంది. రెండు నిమిషాలు చూసి వెళ్ళిపోయేవాడు. ఆట బయటికి ఎప్పుడొస్తుందని మాత్రం తప్పకుండా అడిగేవాడు. నడవలేని మనిషికి పరుగంటే మనసు లాగుతుంది కాబోలని ఆమె జాలిపడేది. పని నెత్తిమీద కూర్చున్న రోజుల్లో లోలోపల విసుక్కునేది కూడా.

ఇంతలో, చవక ఫోన్లలో ఆట నత్తనడక నడుస్తోందని మేనేజరు గోల మొదలుపెట్టాడు. పాత నడక రికార్డింగులు మరీ బరువన్నాడు. ఆమె రెడీమేడ్‌గా దొరికే తేలికపాటి నడకలు కొనిపించి, పోస్ట్‌మ్యాన్‌కు తొడిగింది. ఆట సాఫీగా నడిచింది.

మర్నాడు బాబాయ్ వచ్చేసరికి సంబరంగా చూపించింది.

పోస్ట్‌మ్యాన్ కొండ ఎక్కాడు. కాలువ దూకాడు. తూలకుండా సాగిపోయాడు.

ఆయన కుర్చీని తెరకు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

"పాతవాడు ఎక్కడైనా ఉన్నాడా అమ్మా?"

"లేడు బాబాయ్, పూర్తిగా తీసేశాను. చోటు చాలక కాపీ కూడా ఉంచలేదు. వాడు తూలేవాడు కదా. వీడు చూడండి, గాలిలో తేలినట్టున్నాడు."

"బాగున్నాడు," అన్నాడాయన. "నీకు పని తేలికైంది. అంతే కావాలి."

కుర్చీ తిప్పుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ పైకి రాలేదు. ప్రింట్లు వాచ్‌మన్ చేత పంపేవాడు. ఆమెకు కాస్త హాయిగానే అనిపించింది. కొన్నాళ్ళకు షాపు షట్టర్ కూడా దించి ఉండడం కనపడింది. పనుల్లో పడి, ఎందుకని ఎవరినీ అడగలేదు.

నెల తర్వాత ఒకావిడ, అయిదేళ్ళ పాపను వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చింది. జిరాక్స్ షాపు ఆయన భార్యనంది. జ్వరమని ఆసుపత్రిలో చేరిస్తే, అది ఊపిరితిత్తులకు పాకి పది రోజుల్లో మనిషి దక్కకుండా పోయాడట. షాపు ఖాళీ చేయడానికి వచ్చామంది.

అమ్మాయి లేచి ఆవిడకు కుర్చీ జరిపింది. చాలా మంచివారని, పోస్ట్‌మ్యాన్‌ని చూడ్డానికి రోజూ వచ్చేవారని ఏదో గొణిగింది.

"నేనూ ఆ పోస్ట్‌మ్యాన్ కోసమే వచ్చానమ్మా. ఆట బయటికొచ్చాక తనే పాపకి చూపిస్తానని ఊరిస్తూ ఉండేవారు. ఆసుపత్రిలో కూడా అదే మాట."

పాత పరుగు పోయిన సంగతి ఆయన ఇంట్లో చెప్పనేలేదు.

పాప తల్లి చెయ్యి వదిలి, తెర ముందుకొచ్చి మునివేళ్ళ మీద నిలబడింది.

"ఇది నా కడుపులో ఉండగా, మీ ఆఫీసులోనే ఒంటినిండా గుర్తులు అంటించుకుని నాలుగు రోజులు పరిగెత్తారు," అంది ఆవిడ. "ఆ పై నెలలోనే యాక్సిడెంటు, వాళ్ళ నాన్న నడిస్తే ఎలా ఉంటారో ఇది ఒక్కనాడూ చూడలేదు, ఒకసారి చూపిస్తావా తల్లీ?"