తాత్కాలికం

చెల్లదని మూడోసారీ తేల్చేసింది కంప్యూటరు.

"పేరులో ఖాళీలొద్దంది, తీసేశాను. మరీ పొడుగంది, కత్తిరించాను. ఇప్పుడు మీ బీకాం చివరి చుక్క కుదరదంటోంది బావగారూ," అంది మరదలు. ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే కొత్త వర్చువల్ నెట్‌వర్క్‌కి యజమాని పేరు డిగ్రీతో సహా పెట్టడానికి పొద్దుట్నుంచీ ఆపసోపాలు పడుతోందామె.

"నా కంపెనీలో నా పేరుకే అడ్డా?"

"మీరెవరో దానికి తెలీదు కదా, పాపం."

"చుక్క తీసి తగలెయ్. ఇంతకీ పాతదాని పేరేంటి?"

"తాత్కాలికం."

బావ పగలబడి నవ్వాడు. "ఏ తలమాసినవాడు పెట్టాడది? ముందు దాన్ని పీకెయ్."

"పీకేస్తే బిల్లింగు, గోడౌను, బ్రాంచీలు అన్నీ ఆగిపోతాయి. ఇంజినీరు దొరికేదాకా కాస్త చూడమని మీరే కదా అక్కని కూర్చోబెట్టారు. చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని ఆ పేరుతో దీన్ని కట్టింది. ఒకసారి పెట్టిన పేరు ఇక మారదు."

బావ నవ్వు ఆగింది. పొద్దున ఈ నెట్‌వర్క్ గురించే భార్య ఏదో చెప్పబోతే, "నీకివన్నీ అర్థం కావులే" అని బూట్లు తొడుక్కున్న సంగతి గుర్తొచ్చింది. ఎదురుగా గోడమీద తన నిలువెత్తు ఫొటో. దాని కింద ఇత్తడి అక్షరాలు: 'ఈ సంస్థను ఒంటిచేత్తో నిర్మించినవారు.'

"ఆ గోడమీది మాట మార్చొచ్చా?" అన్నాడు గొంతు తగ్గించి.

"దానికి ఏ నిబంధనా లేదు బావగారూ," అంది మరదలు. "నిచ్చెన తెమ్మంటారా?"