లిండ్‌క్విస్ట్ గారి సలహా

మిన్నెసోటాలోని మా విశ్వవిద్యాలయం కంప్యూటర్ల నెట్‌వర్కులో చేరిన ఏడాది, చరిత్ర ప్రొఫెసర్ హాల్వర్సన్ గారు తన మూడు వందల పేజీల పుస్తకాల పట్టికను ఒక్క ఉత్తరం రాస్తే సభ్యులందరికీ చేరే మెయిలింగ్ లిస్టులోని నాలుగు వందల మందికీ పంపారు. ఆ బరువుకి రెండు రోజులు నెట్‌వర్కు లైను కదల్లేదు.

"అందరికీ వద్దు సార్. ఫైలు ఒకచోట పెడితే కావలసినవాళ్లే తెచ్చుకుంటారు," అంది కంప్యూటర్ సెంటరు ఆపరేటరు వెర్నా.

"నువ్వా నాకు చెప్పేది?" అని మండిపడ్డారాయన. వెంటనే లిస్టు నడిపే వి. లిండ్‌క్విస్ట్ గారికి ఫిర్యాదు రాశారు. లిస్టు ఉన్నది వేరే రాష్ట్రంలోని కంప్యూటర్లో కాబట్టి, నడిపేవారూ అక్కడే ఉంటారని అందరూ అనుకున్నారు. ఆ మహానుభావుణ్ణి చూసినవాళ్లు లేరు.

మర్నాడే జవాబు వచ్చింది. ఫైలు ఒకచోట పెట్టండి, కావలసినవాళ్లు తెచ్చుకుంటారు.

హాల్వర్సన్ గారు ఆ కాగితం పట్టుకుని కింది అంతస్తులోని కంప్యూటర్ సెంటరుకు వచ్చారు. "చూశావా, చదువుకున్నవాడి బుర్రంటే ఇదీ! నీకు తట్టిందా?"

"చాలా గొప్ప ఆలోచన సార్," అంది వెర్నా.

అంతటితో ఊరుకుంటే ప్రొఫెసరెలా అవుతారు? ఆపరేటర్ని తీసేసి, లిండ్‌క్విస్ట్ గారిని సెంటరు డైరెక్టరుగా పిలవాలని విశ్వవిద్యాలయం కమిటీలో పట్టుబట్టారు. ముక్కూ మొహం తెలియనివాళ్లను మెచ్చుకోవడంలో మా కమిటీకి సాటి లేదు. వెర్నా ఇంటిపేరు ఎవరికీ తెలియక, ఉద్యోగం నుంచి తీసేసే నోటీసు మీద 'ఆపరేటరుకు' అని రాశారు. ఆహ్వానం మాత్రం నెట్‌వర్కులో వెళ్లింది.

పది నిమిషాల్లో జవాబొచ్చింది.

"ప్రొఫెసర్ గారూ, మీ నమ్మకానికి కృతజ్ఞతలు. సోమవారమే చేరతాను. నాకు ఇల్లు వెతకనక్కర్లేదు. పదకొండేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను.

ఇట్లు,
వెర్నా లిండ్‌క్విస్ట్."