జత కట్టిన ఓటు

"మీరొచ్చి కూర్చుంటే చాలు వకీలుగారూ. నాలుగింటికి ఓటింగ్. ఐదింటికల్లా మళ్ళీ ఇక్కడే దింపేస్తాను."

"రానన్నాను కదయ్యా," అన్నాడు వకీలు, కుర్చీలోంచి కదలకుండా.

విప్ మూడంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టు పనిచేయడం లేదు, ఒంట్లో ఓపికా లేదు. ప్రతిపక్షానికి విప్ అంటే వినడానికి పెద్ద పదవే. చేసేది మాత్రం ఓటింగ్ వేళకి దారితప్పిన మేకల్ని దొడ్డికి తోలుకొచ్చే పని. ఇవాళ తప్పిన మేక ఈ ముసలి వకీలు.

ఇల్లు వకీలుది కాదు, అధికారపక్షం సభ్యుడు మాస్టారిది. ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి. ఇక మా చేతుల్లో ఏమీ లేదని పోయిన వారమే డాక్టర్లు ఇంటికి పంపేశారు. మెడ దాకా దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు.

సభలో పాత ఆనవాయితీ ఒకటుంది. ఒక పక్షంవాడు జబ్బుపడి రాలేకపోతే, ఎదుటి పక్షంవాడొకడు నేనూ ఓటెయ్యనని అతనితో జత కడతాడు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. జబ్బుమనిషి తనంతట తాను వదిలిపెట్టాలి, లేదా పోవాలి. అంతవరకూ ఆ మాట తెగదు. ముప్ఫయ్యేళ్ళు ఎదురెదురు బెంచీల మీంచి తిట్టుకున్న మాస్టారూ వకీలూ పోయిన వారం జత కట్టారు.

అధికారపక్షం ఇవాళ ఓటింగ్‌కి పెట్టిన ఆరోగ్య బిల్లు నలభై పేజీలతో మొదలైంది. వీళ్ళు అడిగారని ఒక పేజీ, వాళ్ళు అలిగారని ఒక పేజీ పీకేసుకుంటూ వస్తే చివరికి పదకొండు మిగిలాయి. ఆ బేరాలన్నిట్లోనూ విప్ కూర్చున్నాడు. మిగిలినదాంట్లో పనికొచ్చే ముక్క ఒక్కటే, ప్రతి చిన్న ఊరి ఆస్పత్రికీ ఒక డయాలిసిస్ మిషను. తీరా అన్నీ ఒప్పుకున్నాక, ఎన్నికలు ఏడాదిలోకి వచ్చాయని గుర్తొచ్చి విప్ పార్టీ నాయకుడు అడ్డం తిరిగాడు. బిల్లు మంచిదేగానీ వాళ్ళ చేతుల మీదుగా రాకూడదట. లెక్క ఒక్క ఓటు దగ్గర ఆగింది. వకీలు వచ్చి కాదంటే అటూ ఇటూ సమానం. సమానమైతే బిల్లు పోయినట్టే.

విప్ జేబులో ఫోన్ మోగింది. అక్క.

"ఏరా, ఇవాళైనా తేలుస్తారా?" వెనక బస్సు రొద. వారానికి మూడుసార్లు, పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు, ఆ మిషను కోసమే ఆమె తిరుగుడు.

"చూస్తున్నాం అక్కా."

"చూస్తూనే ఉండండి. నువ్వే పక్షమో నాకెందుకుగానీ, నాకిక ఈ బస్సెక్కే ఓపిక లేదురా."

విప్‌కి సిగ్గేసింది. సిగ్గుపడితే ఓట్లు రావు కనుక మళ్ళీ వకీలు వైపు తిరిగాడు.

"పార్టీ మీకు మళ్ళీ టికెట్టివ్వదు."

"డెబ్భై ఆరేళ్ళొచ్చాయి. ఇంకా ఎక్కడికయ్యా నాకు టికెట్టు?"

"ద్రోహి అంటారు."

"అననీ. మాటంటే మాటే. మాస్టారు లేచి 'పోరా వకీలూ, నిన్ను వదిలేశాను' అంటే ఇప్పుడే నీ కారెక్కుతాను."

మాస్టారి భార్య మందు సీసాలు అట్టపెట్టెలో సర్దుతోంది. ఎన్ని రాత్రుళ్ళుగా నిద్ర లేదో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆయన్ని లేపకండి బాబూ," అంది తలెత్తకుండా.

"ఒక్క మాట అడిగి వెళ్ళిపోతానమ్మా."

విప్ మంచం దగ్గరికెళ్ళి వంగాడు. దుప్పటి కిందున్న చెయ్యి పట్టుకుని "మాస్టారూ" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. వకీలు కుర్చీలోంచి సగం లేచాడు.

విప్ ఆ చేతిని మెల్లగా దుప్పటి కిందే పెట్టి, అంచు సర్దాడు.

"మంచి నిద్రలో ఉన్నారు," అన్నాడు. "లేపను లెండి."

వకీలు మళ్ళీ కూర్చున్నాడు.

"మీరేమైనా తిన్నారా అమ్మా?" అని అడిగాడు విప్.

ఆమె లేదన్నట్టు తలూపింది.

"కాసిన్ని పాలైనా తాగండి. తలుపు గడియ పెట్టుకోండి. మావాళ్ళు ఇంకెవరినైనా పంపినా ఓటింగ్ అయ్యేదాకా తియ్యకండి."

మెట్లు దిగుతూ నాయకుడికి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం పన్నెండు దాటింది.

"రాడండి. బండరాయితో మాట్లాడినట్టే ఉంది."

"మాస్టారిని అడగలేకపోయావా?"

"పలికే స్థితిలో లేరండి."

"పోనీ నేనొస్తాను."

"వద్దండి. మంచంపట్టిన మనిషి దగ్గర ఓట్ల బేరమని రేపు పేపర్లో మీ ఫొటో వేస్తారు."

ఫొటో మాట వినేసరికి నాయకుడు తగ్గాడు. "సరే, నువ్వొచ్చెయ్."

నాలుగింటికి విప్ తన బెంచీలోంచి బిల్లుకు వ్యతిరేకంగానే చెయ్యెత్తాడు. పార్టీ మాట జవదాటలేదు. ఒక్క ఓటు తేడాతో బిల్లు నెగ్గింది. అవతలివైపు బల్లలు చరిచారు.

ఆరింటికి పార్టీ ఆఫీసుకి కబురొచ్చింది. మాస్టారు ఐదున్నరకి పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పిందట.

నాయకుడు తల పట్టుకున్నాడు. "ఆ పోయేదేదో రెండు గంటలు ముందు పోయుంటే జత తెగేది, బిల్లూ పోయేది. మన ఖర్మ."

"అంతేనండి," అన్నాడు విప్. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. రోజంతా నిలబడిన కాళ్ళు గుంజుతున్నాయి.

"నువ్వు వెళ్ళినప్పుడు ఎలా ఉన్నాడయ్యా మనిషి?"

"నిద్రలో ఉన్నారండి."

విప్ తన కుడి అరచేతిని మోకాలికి రాసుకున్నాడు.

మధ్యాహ్నం అతను పట్టుకునేసరికే మాస్టారి చెయ్యి చల్లబడిపోయింది.