సున్నా వచ్చింది

భార్యాభర్తల జ్ఞాపకాలను ఏడాదికోసారి ఒకే ఫైలుగా కలపాలని రూలొచ్చాక, అనకాపల్లి కేంద్రంలో సుభాషిణికి ఊపిరి సలపడం లేదు. యంత్రం చివర్లో సున్నా చూపిస్తే రెండూ చక్కగా కలిసినట్టు. ఒకటి చూపిస్తే ఎక్కడో పొసగలేదని. జంటను కూర్చోబెట్టి ఎవరి మాట ఉంచాలో తేల్చాలి. పొద్దున్నుంచీ అన్నీ ఒకట్లే.

నూకరత్నం దంపతులకు సున్నా వచ్చింది. భర్త మీసం మెలేస్తూ బయటికి నడిచాడు. సుభాషిణి అనుమానంగా ఫైళ్లు తెరిచి చూసింది.

"ఇదేటమ్మా, నీ ఫైల్లోనూ ఆయనవే ఉన్నాయి. నీవేవీ?"

"చెరిపేసి ఆయనవే ఎక్కించుకున్నానమ్మా. కిందటేడు ఒకటొచ్చింది. సాయంత్రందాకా కూకోబెట్టి, ఆకరికి ఆయన మాటే ఉంచారు" అంది నూకరత్నం, సంచీ సర్దుకుంటూ. "ఈపాలి పొయ్యి మీద పప్పెట్టొచ్చాను."